కవాటము మార్చిన గుండెకు జ్వరము వచ్చినప్పుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవ సభలయందు సాధారణముగా సాహిత్యమును గూర్చియు, చరిత్రను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. అట్టి సభలో వైద్యవిషయము నెత్తికొనుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయము జ్ఞానమును ఇంటింటికి చేర్చు సాధనము. ఏ జ్ఞానము లేనందువలన పల్లెలలో ప్రాణములు పోవుచున్నవో, ఆ జ్ఞానమును చేర్చుటకంటె గ్రంథాలయమునకు వేరొక ముఖ్యకర్తవ్యము లేదు. నేటి ప్రసంగ విషయము అట్టిది. శస్త్రచికిత్సచే గుండె కవాటమును మార్పించుకొన్నవారికి తరువాతి కాలమున సూక్ష్మజీవులవలన కలుగు ఉపద్రవము ఎట్టిది, దానిని గుర్తించుట యెట్లు, నివారించుట యెట్లు అనునది ఇందు చెప్పబడును.

కవాటమనగా తలుపు. ఉదయగిరి ప్రాంతమువారికి కోట తలుపును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గాని ఆ దుర్గమును గజపతులనుండి గెలువలేకపోయెను. ఆత్మకూరు ప్రాంతమువారికి తూము తలుపు మరింత పరిచితము. సోమశిల జలాశయపు తలుపులు గాని, ఊరి చెరువు తూము గాని సరిగా తెరచుకొని సరిగా మూతపడినంతవరకే పైరు నిలుచును. తూము పూడినచో నీరు పొలమునకు చేరదు. తలుపు సరిగా మూతపడనిచో నీరు వృథాగా కారిపోవును. గుండెయందును ఇట్టి తలుపులు నాలుగు కలవు. అవి రక్తమును ఒకే దిక్కునకు పోనిచ్చి వెనుకకు రానీయవు. గుండె దినమునకు దాదాపు లక్షసార్లు కొట్టుకొనును. అనగా ఆ తలుపులు ఒక్కొక్కటి దినమునకు లక్షసార్లు తెరచుకొని మూసికొనుచుండును. వీనిలో ఎడమప్రక్కనున్న మైట్రల్, అయోర్టిక్ అను రెండును చెడుటయే ఎక్కువ.

ఈ తలుపులు ఎందుకు చెడును? వయసు ముదిరినవారికి సున్నము పేరుకొనుటచేతను, కొందరికి పుట్టుకతో వచ్చిన లోపముచేతను చెడవచ్చును. కాని మన దేశమున చిన్న వయసులో కవాటములు చెడుటకు ముఖ్యకారణము కీళ్ళవాత జ్వరము. దీని ఆరంభము మిక్కిలి అల్పమైనది. అయిదు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లవానికి గొంతునొప్పి, జ్వరము వచ్చును. ఆ గొంతునొప్పి ఒక జాతి స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన వచ్చినదై, తగిన చికిత్స జరుగనిచో, రెండు మూడు వారముల తరువాత కొందరు పిల్లలకు మోకాళ్ళు, చీలమండలు, మోచేతులు ఒకదాని తరువాత ఒకటి వాచి, నొప్పి పుట్టును. ఆ క్రిమిని ఎదుర్కొనుటకు శరీరము తయారుచేసికొన్న ఆయుధములే పొరబాటున సొంత గుండె కవాటములను గాయపరచును. కీళ్ళ వాపు తగ్గిపోవును. గుండెకు తగిలిన గాయము మిగిలిపోవును. కీళ్ళను నాకి గుండెను కరచు జబ్బని వైద్యులు దీనినే అందురు.

గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినములలోపల పెన్సిలిన్ ఇచ్చినచో ఈ జ్వరము రాకుండ ఆపవచ్చునని అమెరికా దేశమున వయోమింగ్ రాష్ట్రములోని సైనికశిబిరమున జరిగిన పరిశోధనలు 1950 నాటికే రుజువు చేసినవి. ఒకసారి కీళ్ళవాత జ్వరము వచ్చినవారు మరల మరల దాని పాలబడకుండ మూడు నాలుగు వారములకొకసారి బెంజథిన్ పెన్సిలిన్ సూదిమందు పలు సంవత్సరములు తీసికొనవలయును. ఇది చౌకయైన మందు. గొంతునొప్పిని ఉపేక్షించుటవలననో, సూదిమందును నడుమ మానుటవలననో ఎందరో యువతీయువకులు కవాటములు చెడి ఆయాసపడుచు శస్త్రచికిత్సశాల తలుపు తట్టుచున్నారు.

కవాటమును మార్చుట అను శస్త్రచికిత్స చరిత్ర దీర్ఘమైనది కాదు. 1960లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమున ఆల్బర్ట్ స్టార్ అను శస్త్రవైద్యుడును, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలిసి పంజరములో బంతివంటి కవాటమును నిర్మించి, చెడిన మైట్రల్ కవాటము స్థానమున అమర్చిరి. దక్షిణదేశమున వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందు గుండెను తెరచి చేయు శస్త్రచికిత్స 1961 నాటికే జరిగెను. విదేశములనుండి తెప్పించు కవాటముల వెల సామాన్యుల కందనిదగుటచే, తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఆచార్య ఎం. ఎస్. వలియత్తాన్ నాయకత్వమున పలు సంవత్సరములు శ్రమించి స్వదేశీ కవాటమును రూపొందించిరి. దానిని మొదటిసారి రోగికి అమర్చినది 1990 డిసెంబరులో. మరుసటి సంవత్సరము, 1991 నవంబరులో, పుట్టపర్తియందు శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాల ప్రారంభమై, గుండె శస్త్రచికిత్సలు పైకము తీసికొనకుండ చేయుట మొదలుపెట్టెను. 2007 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాలయందు ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము, పిమ్మట రాష్ట్రమంతటికి వ్యాపించి, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతో నడచుచున్నది. ఒకప్పుడు శ్రీమంతులకే సాధ్యమైన శస్త్రచికిత్స మెట్టప్రాంతపు కూలివాని కుటుంబమునకును సాధ్యమైనది. నెల్లూరు, తిరుపతి, చెన్నపట్టణము, హైదరాబాదు పోయి కవాటము మార్పించుకొని వచ్చినవారు నేడు పల్లెలలో అరుదు కారు.

కష్టమంతయు తీరినదని వారును, వారి బంధువులును తలంచుట సహజము. అచ్చటనే జాగరూకత అవసరము. శస్త్రచికిత్స నగరమున ఒకనాటి పని. ఆ కవాటమును కాపాడుకొనుట పల్లెలో జీవితాంతము చేయవలసిన పని.

మార్చిన కవాటము లోహముతోను, కర్బనముతోను చేసినది కావచ్చును. పశువుల కణజాలముతో చేసినది కావచ్చును. దానిని గుండెకు కుట్టుటకు చుట్టును గుడ్డవంటి వలయముండును. శరీరమున సహజమైన మాంసమునకు రక్తము ప్రవహించుచుండును గనుక క్రిములు చేరినచో వానిని చంపు తెల్లకణములు అచ్చటికి చేరగలవు. కృత్రిమ కవాటమునకు అట్టి రక్షణ లేదు. ఏ కారణముచేతనైన రక్తములో ప్రవేశించిన సూక్ష్మజీవులు ఆ వలయమును పట్టుకొని, జిగురువంటి పొరను అల్లుకొని, దానిలో దాగియుండును. చెరువుకట్ట మెట్లమీద పట్టిన పాచిని తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. కడవలకొలది నీళ్ళు గుమ్మరించినను పాచి పోదు. గట్టిగా గీకినగాని వదలదు. అట్లే ఈ పొరలో దాగిన క్రిములను సామాన్యమైన మోతాదు మందు తాకనైన తాకదు. వానిపై రక్తపు గడ్డలు చేరి మొలకలవలె పెరుగును. కవాటము కుట్లు వదలి రక్తము వెనుకకు కారును. ఆ మొలకలనుండి తెగిన ముక్కలు రక్తప్రవాహమున కొట్టుకొనిపోయి మెదడులో చిక్కినచో పక్షవాతము, మూత్రపిండములోనో ప్లీహములోనో చిక్కినచో అచ్చట నొప్పియు, నాశమును కలుగును. ఈ వ్యాధిని వైద్యులు ఎండోకార్డైటిస్ అందురు.

ఇది ఎందరికి వచ్చును? వైద్యగ్రంథముల లెక్క ప్రకారము కవాటము మార్చిన మొదటి సంవత్సరమున నూటికి ఒకరు మొదలు ముగ్గురి వరకు దీని పాలగుదురు. అటుపిమ్మట ఏటేట వేయిమందిలో ముగ్గురు మొదలు పన్నెండుగురి వరకు దీనికి గురియగుదురు. సంఖ్య స్వల్పముగా తోచినను, వ్యాధి స్వల్పమైనది కాదు. ఉత్తమమైన వైద్యశాలలయందు సైతము ఈ వ్యాధి సోకినవారిలో నూటికి ఇరువది మొదలు నలువదిమంది వరకు మరణించుచున్నారు. కావున భయపడుట కంటె ముందుగా గుర్తించుట మేలు.

మొదటి సంవత్సరములోపల వచ్చు వ్యాధికి ముఖ్యముగా స్టెఫిలోకాకస్ జాతి సూక్ష్మజీవులు కారణము. ఇవి చర్మముమీద నివసించునవి. శస్త్రచికిత్స సమయమున గాని, అటుపిమ్మట గాయముద్వారా గాని, నరములలో అమర్చిన సెలైను గొట్టములద్వారా గాని ఇవి ప్రవేశించును. ఈ కారణముచేతనే శస్త్రచికిత్సకు ముందే సూక్ష్మజీవినాశక మందు నిచ్చుట, ముందుగానే పండ్లను పరీక్షించి చెడినవానిని తీసివేయుట ఆచారమైనది. కాలము గడచిన తరువాత వచ్చు వ్యాధికి నోటిలోని స్ట్రెప్టోకాకస్ జాతులు, చర్మముపై గాయములనుండియు, కురుపులనుండియు చేరు స్టెఫిలోకాకస్, మూత్రమార్గమునుండి చేరు మరికొన్ని జాతులు కారణములు.

ఈ రోగము చరిత్రలో కొత్తది కాదు. 1885లో విలియం ఆస్లర్ అను మహావైద్యుడు లండనులో దీనిని గూర్చి విపులముగా ఉపన్యసించెను. అప్పటి వైద్యులు దీనిని గుర్తింపగలిగిరేగాని బాగుచేయలేకపోయిరి. దాదాపు ప్రతి రోగియు మరణించెడివాడు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. ఫ్లోరీ, చెయిన్ మొదలగువారు దానిని మందుగా మలచిరి. 1941లో ఆక్స్‌ఫర్డునందు ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి ఆ మందు మొదట ఇచ్చిరి. ముఖమంతయు కురుపులతో మరణావస్థలో నున్న ఆతడు నాలుగైదు దినములలో కోలుకొనెను. అంతలో మందు అయిపోయెను. ఆతని మూత్రమునుండి సైతము మందును తిరిగి తీసి వాడిరి, అదియు చాలలేదు. జబ్బు తిరుగబెట్టి మార్చి నెలలో ఆతడు మరణించెను. జ్వరము తగ్గుట వేరు, క్రిమి నశించుట వేరు అను సత్యమును ఆ మరణము లోకమునకు బోధించెను. 1944లో బ్రూక్లిన్‌యందు లియో లోవ్ అను వైద్యుడు మునుపెన్నడును ఇయ్యని అధిక మోతాదులో పెన్సిలిన్‌ను పలుదినములు ఎడతెగక ఎక్కించి గుండె కవాట వ్యాధిగ్రస్తులను కొందరిని బ్రతికించెను.

ఈ సందర్భమున తెలుగువారు స్మరింపవలసిన మహనీయుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకు పోయి, లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఆయన పర్యవేక్షణలో నడచిన శాఖయందే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అది మొదటిది. 1948లో వాడుకలోనికి వచ్చినది. ఆ సంవత్సరము ఆగస్టునందే సుబ్బారావుగారు దివంగతులైరి. గుండె కవాటపు వ్యాధికి ఆ మందు ముఖ్యౌషధము కాదు. అయినను, సూక్ష్మజీవులతో మానవుడు చేయుచున్న యుద్ధమున తెలుగువారి భాగమును విస్మరింపరాదు. అట్టి మందులను ఇష్టము వచ్చినట్లు, రెండు మాత్రలు నేడు, ఒకటి రేపు అను పద్ధతిని మ్రింగి క్రిములకు అలవాటు చేయుట ఆ మహనీయుల శ్రమను వ్యర్థము చేయుటయే.

ఇక పల్లెలో జరుగు విధము చూతము. కవాటము మార్పించుకొని మూడేండ్లయిన ఒక యువతి ఉన్నదనుకొందము. సాయంకాలమున సన్నని జ్వరము, చలి, రాత్రి చెమట, అన్నము సహింపకపోవుట కనబడును. వానకాలపు జ్వరమని ఇంటివారు తలంతురు. ఊరిలో మొదట చేయి పట్టుకొని చూచునది ఆర్.ఎం.పి. వైద్యుడు. రాత్రి వేళ పిలిచినను వచ్చువాడు ఆతడే. తనకు తెలిసినంతలో ఆతడు ఒక సూదిమందును, మూడు దినములకు మాత్రలను ఇచ్చును. జ్వరము తగ్గును. పది దినములకు మరల వచ్చును. మరల సూదిమందు. ఇట్లు నెల గడచును. ఆయాసము ముదిరిన పిమ్మట నెల్లూరు ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. అచ్చటి వైద్యులు రక్తములోని క్రిమిని పెంచి గుర్తించుటకు కల్చర్ పరీక్ష చేయుదురు. కాని అరకొరగా వాడిన మందు క్రిమిని చంపలేదుగాని, పరీక్షలో కనబడకుండ అణచివేసినది. ఏ క్రిమియో తెలియదు. ఏ మందు పనిచేయునో తెలియదు. దొంగ ఇంటిలోనే యున్నాడు. అడుగుజాడలు మాత్రము చెరిపివేయబడినవి.

ఇందు దోషము ఎవ్వరిది? ఆర్.ఎం.పి. వైద్యునకు ఆమె గుండెలో కృత్రిమ కవాటమున్నదని ఎవ్వరును చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఇచ్చట ఒక కఠినసత్యమును పలుకవలసియున్నది. కీళ్ళవాతమువలన కవాటములు చెడినవారిలో స్త్రీలే ఎక్కువ. శస్త్రచికిత్స జరిగిన బాలికకు పెండ్లి సంబంధము తప్పిపోవునను భయముచే తల్లిదండ్రులు ఆ సంగతిని దాచుట కలదు. ఎదపై మచ్చను చీరకొంగు మరుగుపరచును. అత్తవారింట దినమును వేసికొను మాత్ర రహస్యమగును, కొన్నాళ్ళకు మానివేయబడును. జ్వరము వచ్చినప్పుడు నోరు విప్పుటకు ఆ పిల్లకు ధైర్యము చాలదు. తల్లిదండ్రులు బిడ్డ మేలుకోరియే దాచిరి. ఆ దాపరికమే బిడ్డ ప్రాణమునకు ముప్పైనది. కవాటము మార్చిన స్త్రీ వైద్యుల పర్యవేక్షణలో సంసారము చేయవచ్చును. గర్భము ధరించుటకు ముందే వైద్యుని తప్పక సంప్రదింపవలెను. రక్తమును పలుచన చేయు మందు గర్భస్థ శిశువునకు హాని చేయవచ్చును. వైద్యుని సలహా లేక దానిని మానినచో కవాటముపై రక్తము గడ్డకట్టి తల్లికే ప్రాణాపాయము కలుగును. కావున అత్తవారికి తెలియకుండ ఈ జీవితము నడపుట సాధ్యము కాదు. మెడలో తాళి పడకమునుపే సంగతి చెప్పుట ఇరువైపుల పెద్దల ధర్మము. తెలిసిన పిమ్మట ఆ పిల్లను ఆదరించుట సంఘధర్మము.

జ్వరము వచ్చినప్పుడు చేయవలసినదేమి? కవాటము మార్చినవారికి కారణము స్పష్టముగా తెలియని జ్వరము వచ్చినచో, మందు వేయక పూర్వమే, వారిది ఎట్టి గుండెయో తెలిపి ఆసుపత్రికి పోవలెను. ఆత్మకూరునుండి నెల్లూరు దాదాపు 60 కిలోమీటర్లు. ఉదయగిరినుండి దాదాపు 100 కిలోమీటర్లు. దూరమే. కాని ఆ ప్రయాణము మొదటివారమున బస్సులో కూర్చుండి పోగలిగినది. నెల గడచిన పిమ్మట పరుండబెట్టి తీసికొనిపోవలసినది. అచ్చట చేయవలసిన పరీక్షలు ముఖ్యముగా రెండు. మందు ఇచ్చుటకు ముందు వేర్వేరు చోట్ల సూది గ్రుచ్చి మూడుమార్లు రక్తము తీసి కల్చర్ చేయుట ఒకటి. ఎకో అను పరీక్షతో కవాటమును చూచుట రెండవది. ఎదపైనుండి చూచినప్పుడు స్పష్టముగా కనబడనిచో అన్నవాహికలోనికి గొట్టము పంపి చూతురు. జ్వరమునకు తోడు కొత్తగా ఆయాసము వచ్చినను, లోహకవాటపు టిక్కుటిక్కు శబ్దము మారినను, మాట తడబడినను, చేయి కాలు పట్టుతప్పినను క్షణమైన ఆలసింపక 108 వాహనమును పిలువవలెను.

వ్యాధి నిర్ధారణయైనచో చికిత్స దీర్ఘమైనది. తక్కువలో తక్కువ ఆరు వారములు నరముద్వారా మందు ఎక్కింపవలెను. స్టెఫిలోకాకస్ సోకిన సందర్భములలో రెండు మూడు మందులను కలిపి ఇత్తురు. క్షయరోగులకు ఇచ్చు రిఫాంపిసిన్ సైతము అందొకటి. క్రిములు అల్లుకొన్న జిగురుపొరలోనికి చొచ్చుకొనిపోవు శక్తి దానికి కలదు. మందుతో లొంగనప్పుడు, కవాటము కుట్లు వదలినప్పుడు, లోపల చీముగడ్డ ఏర్పడినప్పుడు మరల శస్త్రచికిత్స చేసి కవాటమును మార్పవలసియుండును. వారము దినములకే జ్వరము తగ్గినదని, పొలము పనులు ఆగినవని, ఇంటికి వచ్చివేయుట ఆక్స్‌ఫర్డు పోలీసు కథను చేజేతుల తిరిగి వ్రాయుటయే.

ఈ వ్యాధిని రాకుండ చేయుటకు మొదటి ఉపాయము నోటిని శుభ్రముగా నుంచుకొనుట. చిగుళ్ళు చెడినవారికి పండ్లు తోముకొన్నప్పుడును, ఆహారము నమలినప్పుడును నోటి క్రిములు కొంచెము కొంచెముగ రక్తములో చేరుచుండును. ఇందొక స్థానిక విషయము గమనింపదగినది. నీటిలోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని మన దేశమున మొట్టమొదట వర్ణించినది నాటి నెల్లూరు జిల్లానుండియే. షార్ట్ మొదలగు వైద్యులు 1937లో ఆ సంగతిని ప్రకటించిరి. అందుచే మెట్టప్రాంతమువారు పంటిమీద గారను చూచి, మా నీళ్ళే అంత అని సరిపెట్టుకొనుట అలవాటైనది. ఫ్లోరైడు గార వేరు. చిగురు వాచి రక్తము కారుట, పన్ను పుచ్చి చీము పట్టుట వేరు. రెండవది చికిత్సకు లొంగునది. కవాటము మార్చినవారికి ఉపేక్షింపరానిది. వారు దినమునకు రెండుమార్లు మెత్తని బ్రష్షుతో పండ్లు తోముకొని, ఏటికి ఒకటి రెండుమార్లు దంతవైద్యునకు చూపించుకొనవలెను.

పన్ను తీయించుకొనునప్పుడును, చిగుళ్ళను కదలించు ఇతర చికిత్సల సమయమునను వారు అరగంట మొదలు గంట ముందు సూక్ష్మజీవినాశక మందు ఒక మోతాదు వేసికొనవలెను. సాధారణముగా అమాక్సిసిలిన్ ఇత్తురు. అది సరిపడనివారికి వేరు మందు కలదు. పూర్వము గుండెలో ఏ చిన్న లోపమున్నను ఈ విధముగా మందు ఇచ్చెడివారు. 2007లో అమెరికా హృద్రోగ సంఘము ఈ నియమమును కుదించి, కృత్రిమ కవాటములు కలవారికి, పూర్వమొకసారి ఈ వ్యాధి వచ్చినవారికి, మరికొందరు అత్యంత ప్రమాదస్థితిలో నున్నవారికి మాత్రమే పరిమితము చేసెను. కావున కవాటము మార్చినవారు ఈ నియమమునుబట్టి చూచినను జాగ్రత్త పడవలసినవారిలోనే యున్నారు. కీళ్ళవాతము తిరిగి రాకుండ తీసికొనుచున్న పెన్సిలిన్ సూదిమందు ఈ పనికి చాలదు. అటులనే, కవాటము మారినదిగదా అని ఆ సూదిమందును మానరాదు. మిగిలిన కవాటములకు దాని రక్షణ ఇంకను కావలెను. ఎంతకాలమో వైద్యుడు నిర్ణయించును.

చర్మమును గూర్చియు జాగ్రత్త అవసరము. పొలములో చెప్పులు లేక నడువరాదు. ముల్లు విరిగినను, కొడవలి తెగినను సబ్బునీటితో కడిగి కట్టు కట్టవలెను. కురుపును గిల్లి పిండరాదు. పచ్చబొట్టు పొడిపించుకొనుట, కొత్తగా చెవులు ముక్కు కుట్టించుకొనుట మానుట మేలు.

లోహకవాటము కలవారు రక్తము పలుచన చేయు వార్ఫరిన్ గాని, అసిట్రోమ్ గాని జీవితాంతము వాడుదురు. ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షనుబట్టి దాని మోతాదు మారును. ఊరిలో తొందరపడి వేయించుకొను నొప్పిసూది ఇట్టివారికి రెండు విధముల హాని: కండరములో రక్తము గడ్డకట్టి వాచును, కొన్ని నొప్పిమందులు రక్తస్రావమును పెంచును. సూక్ష్మజీవినాశక మందులలోను కొన్ని ఈ మందు బలమును పెంచును. పెన్సిలిన్ సూదిమందు వేయించుకొనవలసినవారు సైతము పరీక్షాఫలితమును చూపి వైద్యుని సమక్షముననే వేయించుకొనవలెను. తోటకూర, మునగాకు, గోంగూర మానవలసిన పనిలేదు. ఒకవారము విశేషముగా తిని, మరొకవారము పూర్తిగా మానుట మాత్రము తగదు.

ఇంతవరకు చెప్పినదానిని నాలుగు వాక్యములలో జ్ఞాపకముంచుకొనవచ్చును. కవాటము మార్చిన సంగతి ఇంటిలో గాని, వైద్యునివద్ద గాని దాపరాదు. కారణము తెలియని జ్వరమునకు రక్తపరీక్ష జరుగక మునుపు సూక్ష్మజీవినాశక మందు వాడరాదు. నోరు, చర్మము శుభ్రముగా నుండవలెను. పిల్లల గొంతునొప్పిని చిన్నదని ఉపేక్షింపరాదు.

దీనిలో గ్రంథాలయము చేయదగిన పని కలదు. కవాటము మార్చినవారు తమతో నుంచుకొనుటకు ఒక చిన్న చీటీ తయారుచేయవచ్చును. అందు ఏ కవాటము, ఏ సంవత్సరమున, ఏ వైద్యశాలలో మార్చబడినది, ఏ మందు ఎంత మోతాదు వాడుచున్నారు, పెన్సిలిన్ సరిపడునా, జ్వరము వచ్చినచో ముందు రక్తపరీక్ష చేయవలెను అను సంగతులు పెద్ద అక్షరములతో నుండవలెను. చదువురానివారికి చదువరులు వ్రాసిపెట్టవలెను. చుట్టుప్రక్కల ఊళ్ళ ఆర్.ఎం.పి. వైద్యులను, ఆశా కార్యకర్తలను, ఉపాధ్యాయులను ఏటికొకసారి ఈ ఆవరణమున సమావేశపరచి, ప్రభుత్వ వైద్యునిచే ఈ విషయములు చెప్పింపవలెను. ఇందుకు ధనముతో పనిలేదు. ఒక సాయంకాలము చాలును.

ఇరువదియైదు సంవత్సరములుగ ఈ గ్రంథాలయము పుస్తకములను ఇంటింటికి పంపినది. పుస్తకము తిరిగి రావలసిన తేదీని జ్ఞాపకముంచుకొన్న చందాదారులు, పొరుగింటి బిడ్డ గుండెలో నున్న కవాటమును కూడ జ్ఞాపకముంచుకొన్నచో, వచ్చు వానకాలమున ఒక్క ప్రాణమైనను నిలువవచ్చును. ఆ ఒక్క ప్రాణమే ఈ రజతోత్సవమునకు తగిన ఫలము.